చిత్రాన్నం మూట

రెండు వారాల కిందట శుక్రవారం పొద్దున ఆరు గంటలకు అనంతపురంలో మా ఇంటి ఫోను మోగింది. ఊరి నుంచి మా అత్త. "మీ మామ లేయల్యా అమ్మా. పిలిస్తే పలకల్యా," అంది. అంతే. ఏడవలేదు. ఫోనులో వెనకగా ఎద్దుల మెడగంటలు వినిపిస్తున్నాయి. ఆ వేళకు మేత వేసే మనిషి రాకపోయేసరికి కాబోలు, అవి కదులుతూనే ఉన్నాయి. మా ఆయన్ని లేపడానికి పోయి, ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, మంచం పక్కన చాలాసేపు ఊరికే నిలబడ్డాను.

గుమ్మఘట్ట పక్కన, కర్ణాటక పొలిమేరకు దగ్గరగా చిన్న ఊరు మా అత్తవారిది. మేము చేరేసరికి వాకిలి నిండా జనం. పోయిన మనిషి దగ్గర కూర్చుని ఆయన మంచి చెప్పుకోవడం, మధ్యలో ఒకటి రెండు నవ్వుకోవడం ఎక్కడైనా ఉన్నదే. మా మామ గురించి చెప్పుకునే నవ్వు ఒకటుంది. ఆ రోజు కూడా ఎవరో ఎత్తుకున్నారు. "ఊరందరికీ ప్లాస్టిక్ సంచి ముట్టుకోవద్దని చెప్పినాడు. ఆకర్కి తన ఎద్దుకే తినిపిచ్చినాడు మారాజు." తడి కళ్ళతోనే నలుగురు నవ్వారు. నేను తల వంచుకుని చీర కొంగు మడతలు పెడుతూ కూర్చున్నాను.

ఆ మాట అబద్ధం. ఆ ఎద్దు చావుకు కారణం నేను. పదేళ్ళ పాటు ఆయన ఆ నింద మోశారు, నేను చూస్తూ ఊరుకున్నాను. ఆయన గొప్పవారు, ధర్మాత్ముడు అని రాయడం సులువే. ముందు ఈ సంగతి రాయకుండా అవేవీ రాయడానికి నాకు చెయ్యి రాదు.

నేను బుక్కరాయసముద్రంలో పెరిగినదాన్ని. వీధి చివర కొళాయి, పది అడుగుల్లో అంగడి, అంగడికి ఉత్త చేతులతో పోయి నిండు చేతులతో రావడం మాకు అలవాటు. తొంభైల చివర్లో పెళ్ళయి ఈ ఊరికి వచ్చాను. మా ఆయన రాయదుర్గంలో ఒక కాలేజీలో గుమాస్తా. వారానికోసారి ఇంటికి వచ్చేవారు. మిగిలిన ఆరు రోజులూ ఇంట్లో నేను, అత్త, మామ, రెండు ఎద్దులు.

మొదటి వారంలోనే నాకు ఒకటి అర్థమైంది. ఈ ఇంట్లో దేన్నీ పారేయరు. బియ్యం కడిగిన నీళ్ళు ఎద్దుల కుడితి తొట్టికి పోవాలి. స్నానం చేసే రాయి దగ్గర్నుంచి కాలువ తీసి సొరపాదుకు మళ్ళించారు. బట్టలు జాడించిన నీళ్ళు పక్కన పెడితే మరునాడు వాకిట్లో చల్లేది. పొయ్యిలోకి వేరుశెనగ పొట్టు, కంది కట్టెలు. ఇంటికి వచ్చిన పెళ్ళి కార్డులన్నీ దారానికి గుచ్చి పెట్టుకుని, వెనకవైపు తెలుపు మీద తన లెక్కలు రాసుకునేవారు. మా పెళ్ళి కార్డు వెనకాల ఏముందో తెలుసా? "గొర్రు పళ్ళు సాగగొట్టించాల. ఉప్పు. కొడవలి పిడి." నాకు కోపం ఆగలేదు. "మామా, ఇది మా పెళ్ళి కార్డండీ," అన్నాను. ఆయన కార్డు తిప్పి ముందు వైపు చూసి, "పేర్లు యాడికీ పోలేదులేమ్మా, ఈడే ఉండాయి," అన్నారు.

ప్లాస్టిక్ క్యారీబ్యాగులు మా వైపు సంతలకు అప్పుడప్పుడే వస్తున్నాయి. సంతకు ఆయన పాత పంచెతో కుట్టించిన నాలుగు సంచులు తీసుకుపోయేవారు. పొరపాటున ఏ అంగడతనో సరుకు క్యారీబ్యాగులో వేసి ఇస్తే, పై వారం దాన్ని మడిచి తీసుకుపోయి తిరిగి ఇచ్చేవారు. "నీది నువ్వే పెట్టుకో అన్నా. పారేసేదానికి నాకు చోటు లేదు," అనేవారు. అంగళ్ళవాళ్ళకు ఇదొక వేడుక. నాకు తలకొట్టేసినట్లుండేది. ఒకసారి ఇంత ఊళ్ళో చోటు లేకపోవడమేమిటని అడిగాను. "ఈడ పారేస్తే ఆడ పడతాది. ఆడ ఇంకొకడు ఉంటాడు కదమ్మా," అన్నారు.

నాకేమో ఆ సంచులంటే చచ్చేంత ఇష్టం. పుట్టింటికి పోయిన ప్రతిసారీ రంగురంగులవి తెచ్చి, మడిచి, పరుపు కింద దాచుకునేదాన్ని. ఎందుకని అడిగితే చెప్పలేను. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటే అనిపించేది.

ఇంకొకటి చెప్పాలి. ఆ ఇంట్లో వారానికి రెండు పూటలే వరి అన్నం, మిగతాదంతా రాగి సంగటి. వానల్లేని ఏళ్ళు. అన్నం మిగిలి చెడిపోతే మామ అరిచేవారు కాదు. గిన్నె వైపు ఒక చూపు చూసి లేచి వెళ్ళిపోయేవారు. ఆ పూట తినేవారు కాదు. ఆ చూపు కంటే నాలుగు తిట్లు నయం. నాకు వండడంలో అంచనా తక్కువ. కుడితిలో వేద్దామంటే తొట్టి రోజూ ఆయనే చేత్తో కడిగేవారు, మెతుకులు కనిపిస్తాయి. అందుకని అన్నం చెడినప్పుడల్లా క్యారీబ్యాగులో వేసి, గట్టిగా ముడేసి, కొట్టం వెనకాల ఎరువు దిబ్బలో పేడ కింద కప్పేసేదాన్ని. ఎవరికీ తెలియదు. మూడు సార్లో నాలుగు సార్లో అయింది.

పెళ్ళయిన మరుసటి ఏడు జూన్‌లో మా అమ్మ నన్ను చూడ్డానికి వచ్చి, పెద్ద గిన్నెడు చిత్రాన్నం చేసి తెచ్చింది. ఆమె పోయిన మరునాడు మధ్యాహ్నానికి అది జిగురు సాగింది. గిన్నెలో సగానికి పైగా ఉంది. ఇంత అన్నం చూస్తే మామ రెండు రోజులు తినరు. రెండు సంచులు ఒకదాంట్లో ఒకటి పెట్టి మూట కట్టి, చేలోంచి ఆయన రాకముందే దిబ్బలో వేశాను. తొందరలో సరిగా కప్పలేదు.

ఆ సాయంత్రం వాన పడింది. ఏడు నెలల తర్వాత మొదటి వాన. మా అత్త వాకిట్లోకి వచ్చి తడుస్తూ నిలబడింది. మామ కూడా గొడుగు తీసుకోలేదు. ఊరంతా మాటలే. మా నేలల్లో విత్తనానికి కావలసిన తడి, అదే పదును, మూడు రోజులు, మహా అయితే నాలుగు. ఆ లోపల విత్తనం పడిందా, పంట. లేదా, ఏడాది పోయినట్లే. మేమంతా కూర్చుని ఒలిచిన వేరుశెనగ విత్తనం మూడు మూటలు గోడవారన సిద్ధంగా ఉంది.

మరునాడు మంగళవారం పొద్దున్నే కుడివైపు ఎద్దు మేత ముట్టలేదు.

"నెమరు ఎయ్యల్యా ఇది," అన్నారు మామ, దాని డొక్క మీద చెయ్యి పెట్టి. డొక్క బిగుసుకుని ఉంది. అత్త వాము, బెల్లం నూరి తెచ్చింది. ఆయన దాని దవడ తెరిచి మింగించారు. నేను కొట్టం వెనక్కి పోయి చూశాను. దిబ్బ మీద నా మూట లేదు. పేడ కెలికి ఉంది. ఉప్పుకు మొహం వాచిన పశువు, ఆ వాసనకు మూటతో సహా మింగేసింది. చెబుదామని కొట్టంలోకి వచ్చాను. ఆయన ఎద్దు మెడ నిమురుతూ దాంతో ఏదో మాట్లాడుతున్నారు. చెప్పలేకపోయాను. సాయంత్రానికి అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

బుధవారం నేల కాలు మోపనిచ్చింది. తెల్లారేసరికి ఊళ్ళో విత్తే గొర్రులన్నీ చేలకు కదిలాయి. మా గొర్రు మాత్రం వాకిట్లో గోడకు ఆనించే ఉంది. ఎద్దును అడగడానికి మామ మూడిళ్ళకు పోయొచ్చారు. ఎవరిస్తారు? ఇవ్వమని కాదు, ఆ మూడు రోజులు ఎవరి ఎద్దు వాళ్ళకే చాలదు. మధ్యాహ్నానికి మండలం నుంచి పశువుల డాక్టరు వచ్చాడు. ఎద్దును చూసి, సూది వేసి, అడిగాడు.

"ఏమన్నా తినగూడనిది తినిందా పెద్దాయనా? ప్లాస్టిక్కు, గోతాము, అట్లాంటిది?"

"మా ఇంట్లో అట్లాంటివి ఉండవు సార్," అన్నారు మామ. ఆ మాటను ఆయన గొంతు ఎత్తి చెప్పారు. అంత అలసటలోనూ ఆ గర్వం వినిపించింది. "ఊళ్ళో ఎవుర్నన్నా అడుగు. మా ఇంట్లో ఒక్కటుండదు."

"తినుంటే కడుపు కోసి తీసేయొచ్చు. లేకపోతే ఊరికే కొయ్యలేం. రేపటి దాకా చూడు."

నేను ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ డాక్టరు సంచి సర్దుకుని, చేతులు కడుక్కుని, మా అత్త ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళేదాకా నాకు టైముంది. ఒక్క మాట చెబితే చాలు. కోయడానికి కత్తి, దారం అన్నీ డాక్టరు సంచిలోనే ఉన్నాయని తర్వాత తెలిసింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. "మా ఇంట్లో ఉండవు" అని మామ అంత గట్టిగా చెప్పిన తర్వాత, అందరి ముందు ఆయన్ని అబద్ధాలకోరును చేయడం నా వల్ల కాలేదు. ఇది నేను నాకు చెప్పుకున్న సాకు. నిజం ఏమిటంటే భయపడ్డాను. డాక్టరు మోటారు సైకిలు మలుపు తిరిగిపోయింది.

గురువారం ఎద్దు పడుకుంది. లేవలేదు. చేలనుంచి విత్తే వాళ్ళ కేకలు ఇంటిదాకా వినిపిస్తున్నాయి. మామ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మధ్యమధ్య లేచి పోయి చేనిలో పిడికెడు మన్ను తీసి, నలిపి చూసి వచ్చేవారు. "ఇంకా ఉండాది," అనేవారు. సాయంత్రం పోయొచ్చి చేతికంటిన పొడి మన్ను దులుపుకున్నారు.

శుక్రవారం పొద్దెక్కేసరికి అది ప్రాణం విడిచింది.

డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఎందుకు చచ్చిందో చూడాలని, కొట్టం ముందరే కోశాడు. కాళ్ళు పట్టుకోవడానికి పక్కచేని పెద్దాయన వచ్చాడు. ఇంకో ఐదారుగురు చుట్టూ నిలబడ్డారు. కడుపులోంచి ముందు ముద్దలా చుట్టుకుపోయిన సంచులు వచ్చాయి, అంతకుముందు నేను పేడలో కప్పినవే కాబోలు. ఆ తర్వాత, ముడి ఊడకుండా, నా మూట. డాక్టరు కత్తి మొనతో గీరాడు. లోపల పసుపు పచ్చని మెతుకులు, వేరుశెనగ పలుకులు. సంచి మీద అనంతపురం బట్టల అంగడి బొమ్మ ఇంకా కనిపిస్తూనే ఉంది.

మామ వంగి ఆ మూటను చూశారు. తల ఎత్తినప్పుడు నా వైపు చూస్తారనుకున్నాను. చూడలేదు.

"నేనే," అన్నారు. "నేనే పారేసినా. అన్నం పాసిపోయిండె. చూసుకోకుండా మూటకట్టి దిబ్బలో ఏసినా."

"అట్లనా," అన్నాడు పక్కచేని పెద్దాయన. ఎద్దు కాలు వదిలి, చేతులు మట్టికి రుద్దుకున్నాడు.

ఆ సాయంత్రం అత్త ఆరేసిన గుడ్డలు తేవడానికి పోయినప్పుడు, మామ ఎద్దు మేత తినే ఖాళీ గాడి దగ్గర ఒంటరిగా ఉన్నారు. వెళ్ళి నిలబడ్డాను. "మామా, ఆ సంచి..." అన్నాను. అంతకు మించి రాలేదు, ఏడుపు తన్నుకొచ్చింది.

ఆయన గాడిలో మిగిలిన దంటు ఏరి రెండో ఎద్దు ముందు వేశారు. ఆ తర్వాత అన్నారు. "నాకు భయపడి కదా నువ్వు దాసిపెట్టినావు. అట్లయితే పారేసింది నేనే కదమ్మా." మళ్ళీ, "ఇంగెప్పుడన్నా అన్నం చెడితే కుడితిలో ఎయ్యి. నాకు భయపడాకు," అన్నారు. ఆ రాత్రి సంగటిలోకి పులుసు లేకపోయినా, నా ముందు కూర్చుని, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తిన్నారు. ఆ తర్వాత ఏనాడూ ఆయన గిన్నె చూసి లేచిపోలేదు.

శనివారం పక్కచేని పెద్దాయన తన విత్తు ముగించుకుని ఎద్దుల్ని తోలుకొచ్చాడు. వంకవైపు పల్లంలో మాత్రమే పదును మిగిలింది. అంతవరకే విత్తారు. మిట్టచేను ఆ ఏడు ఉలవలు చల్లేదాకా బీడుగానే ఉంది. పొలం పోయే దారి ఆ మిట్ట పక్కనే. నేను చూడకుండా నడవడం నేర్చుకున్నాను.

ఎద్దు పోవడం ఒక ఎత్తు. ఊళ్ళో ఆయన మాట పోవడం ఇంకో ఎత్తు. అంతకుముందు ఎవరైనా కాలువలో సంచులు పారేస్తే ఆయన నిలబెట్టి అడిగేవారు, వాళ్ళు తీసేవాళ్ళు. ఆ తర్వాత అడిగితే, "ముందు నీ ఇల్లు సూసుకోప్పా," అనేవాళ్ళు. సంతలో, "ఏమప్పా, సంచి కావల్నా, మీ ఎద్దుకు?" అని పిలిచి మరీ అడిగేవాళ్ళు. ఆయన నవ్వి, తన పంచె సంచి ముందుకు చాపేవారు. మడిచిన క్యారీబ్యాగులు తిరిగి ఇవ్వడం మాత్రం మానలేదు. నేను పరుపు కింద సంచులన్నీ తీసి ఆయన చేతికిచ్చాను. లెక్కపెట్టకుండా, ఏ ఊరి అంగడివి ఆ ఊరికి పోయినప్పుడల్లా తీసుకుపోయి ఇచ్చొచ్చారు.

ఆయన అన్నిట్లోనూ ఒప్పేనని నేననను. పొట్టు పొయ్యి పొగకు మా అత్త దగ్గి దగ్గి వంగిపోతుంటే, గ్యాసు వద్దని మూడేళ్ళు మొండికేశారు. పొయ్యి కోసం మనిషిని కాల్చుకుంటామా అని నేను దెబ్బలాడాను. వారం రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. ఎనిమిదో రోజు ఆయనే రాయదుర్గం పోయి కాగితాలు రాసిచ్చి వచ్చారు. "నువ్వు చెప్పింది నిజమే. ముసల్ది పాడైపోతే మల్ల తెచ్చుకునేదానికి దొరకదు," అన్నారు. అత్త చీపురు తీసింది.

మా ఆయనకు బదిలీ అయి మేము అనంతపురం వచ్చేశాం. సెలవులకు పోయినప్పుడల్లా ఈసారి ఊళ్ళో చెప్పేయాలనుకునేదాన్ని. ఒకసారి మామతో అన్నాను కూడా. "ఇప్పుడెందుకమ్మా? అందరూ అలవాటు పడినారు," అని నవ్వేశారు. నేను ఆ మాట పట్టుకుని ఊరుకున్నాను. నాకు కావలసింది అదే కదా.

పదకొండో రోజు కర్మకు ఊరంతా భోజనానికి వచ్చింది. వంటవాళ్ళు రాయదుర్గం నుంచి గోతాలకొద్దీ నీళ్ళ ప్యాకెట్లు దించారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరితో పోట్లాడను? మూడో వరుసలో వడ్డిస్తుంటే ఒకతను పక్కవాడితో మళ్ళీ అదే ఎత్తుకున్నాడు. "ఎద్దుకు సంచి తినిపిచ్చినాడు..." గరిటె గిన్నెలో పెట్టేశాను.

"ఆ సంచి ఆయన పారేయలేదు," అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "నేను పారేశాను. చిత్రాన్నం చెడిపోతే ఆయనకు తెలియకూడదని మూటకట్టి వేసింది నేను. డాక్టరు అడిగినప్పుడు కూడా నోరు మూసుకున్నాను. ఆయన నా తప్పు తన మీద వేసుకున్నారు."

తింటున్న చేతులు ఆగాయి. మా ఆయన ముఖం తెల్లబోయింది. ఆయనకూ నేను చెప్పలేదు. అత్త అరుగు మీంచి నన్నే చూస్తోంది. ఎవరైనా లేచి నన్ను తిడితే బాగుండునని నిజంగానే కోరుకున్నాను.

పక్కచేని పెద్దాయన విస్తరి మీంచి తల ఎత్తాడు. "తెల్సులే పాపా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆయప్ప విస్తర్లో మెతుకు వదిలింది మేమెప్పుడూ సూడల్యా. మూటెడు చిత్రాన్నం పారేసినాడంటే నమ్మేదానికి మేమేమన్నా పిచ్చోళ్ళమా? ఆ పొద్దు కాలు పట్టుకున్న్యప్పుడే తెల్సు."

"మరి పదేళ్ళు ఆయన్ని ఎందుకు ఎగతాళి చేశారు?"

"నమ్మినట్ల కనపడాల కదమ్మా. మేం గమ్మునుంటే, ఆ మూట ఎవురిదబ్బా అని ఆలోచన చేస్తారు. కొత్తగా వచ్చిన పిల్లవు. సంతలో మొదట ఎగతాళి చేసినోణ్ణి నేనే. ఆయప్ప నా తట్టు సూసి నవ్వినాడు. ఇంగప్పుట్నుంచి మేం ఇడిసిపెట్టల్యా." ఆయన పక్కనున్న వాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు విస్తర్ల వైపు చూసుకుంటున్నారు. "కూర ఎయ్యమ్మా," అన్నాడు.

వేశాను. సగం కింద పడింది. అక్కడే, అందరి ముందూ, గిన్నె పట్టుకుని ఏడ్చాను. ఎవరూ ఊరుకోమనలేదు.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట పక్కచేని పెద్దాయన నీళ్ళ ప్యాకెట్టు చివర కొరికి, నోరు పుక్కిలించి, మిగిలిన నాలుగు చుక్కలు సొరపాదు మొదట్లో పిండాడు. ఖాళీ ప్యాకెట్టును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆయన వెనకాల వచ్చినతను కూడా అట్లాగే చేశాడు. ఆ వెనక ఇంకొకరు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం ఎండలో ఒక్కొక్కరూ మా వాకిలి దాటి వెళ్ళిపోతుంటే, ప్రతి తెల్ల చొక్కా మీదా జేబు దగ్గర అరచెయ్యంత తడి కనిపించింది.